గొంతుకు సంతకం

జూన్ 10, 2024, సోమవారం

రోజారాణి ల్యాబ్‌కు వచ్చింది. మూడేళ్ల కింద బీఎస్సీ కంప్యూటర్స్‌లో నా స్టూడెంటు. అప్పట్లో చివరి బెంచీలో కూర్చుని ఏమీ అడగని పిల్ల. ఇప్పుడు పాత బస్టాండు దగ్గర జిరాక్స్ సెంటర్లో పనిచేస్తోందట. సాయంత్రాలు తల్లితో కలిసి బీడీలు చుడుతుంది. తొగుట పక్కన వాళ్ల ఊరు మల్లన్నసాగర్ రిజర్వాయరు కింద మునిగిపోయింది. సిద్దిపేటలో కిరాయికి ఉంటున్నారు, తల్లీ కూతురూ.

తన ఫోన్ తీసి నా బల్ల మీద పెట్టింది. తెర నిండా బొమ్మలు. నీళ్లు, అన్నం, మంచం, తలుపు. తలుపు బొమ్మ నొక్కింది. వాళ్ల అమ్మ గొంతు పలికింది: "ఓ పోరీ, తలుపు దగ్గరికెయ్యి, పిల్లి జొర్రుతది!"

"మా అవ్వకు గొంతుల క్యాన్సర్ సార్. వచ్చే నెల ఎనిమిదో తారీఖు ఆపరేషను. మాటొచ్చేదంత తీసేస్తమన్నరు. గంతకు ముందే ఆమె మాటలన్ని ఇండ్ల పట్టి పెట్టాలె. తర్వాత బొమ్మ ఒత్తితె ఆమె గొంతే మాట్లాడాలె."

యాప్ తనే రాసింది. పేరు 'గొంతు'. సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ మీద, నాలుగు నెలల్లో, ఎవరినీ అడగకుండా. కోడ్ చూశాను. శుభ్రంగా ఉంది. పందొమ్మిదేళ్లుగా నేను చెబుతున్న పాఠంలో ఇందులోని ఒక్క వరుస కూడా లేదు.

"గిది అవ్వ ఒక్కదానికే గాదు సార్. దవాఖానల ఇంక ఎనిమిది మంది ఉన్నరు. కోడ్ అందరికీ ఇడిచిపెట్టిన, ఎవరన్న వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ప్లే స్టోర్ల పెడితె ఎన్ని దినాలు ఆపుతరో తెల్వది. మనదే ఒక రిపోజిటరీ పెట్టుకుంటె లింకు ఇచ్చినోళ్ల ఫోన్లకు దిగుతది, నేను ఏదన్న మారిస్తె అది గూడ వాటంతటదే పోతది. ఆ టూల్స్ నా లాప్‌టాప్ మోస్తలేదు. మీరే చెయ్యాలె సార్."

చేస్తానన్నాను. ప్రిన్సిపల్ రాజేంద్రప్రసాద్ గారు ఎందుకని అడగకుండానే ఆరో నంబరు కంప్యూటర్ వాడుకోమన్నారు.

జూన్ 11

లైనక్స్ వేశాను. జావా, పైథాన్, ఆండ్రాయిడ్ టూల్స్, రిపోజిటరీ నడిపే ప్రోగ్రామ్ అన్నీ ఎక్కాయి. ఒక పూట పని.

జూన్ 13

మధ్యాహ్నం వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "అయిందా సార్?"

"గిది నువ్వనుకున్నంత అల్కగ గాదు. ఒకటెక్కాలంటే ఇంకోటి ఎక్కాలె. చూస్తున్న."

"మంచిది సార్."

జిరాక్స్ సెంటర్లో అరగంట అడిగి వచ్చిందట. కూర్చోమనడం మరిచిపోయాను.

జూన్ 15

ఈరోజూ కాలేదన్నాను.

జూన్ 18

ఈసారి లాప్‌టాప్, కేబులూ తెచ్చుకుంది.

"సార్, రిపోజిటరీ తర్వాత పెడదాం. ఇప్పటికి అవ్వ ఫోన్ల కేబులు తోని ఎక్కిస్త. మాటలు పట్టుడు షురూ చేస్త. దినాలు పోతున్నయి."

"ఎక్కిస్తవు. రేపు కొత్త వర్షన్ చేస్తె అప్పుడేంజేస్తవు?"

ఆమెకు అర్థమయ్యేలా చెప్పాను. ప్రతి యాప్ మీద దాన్ని తయారుచేసిన వాళ్ల సంతకం ఉంటుంది. ఆ సంతకం పెట్టే కీ ఒక్కటే ఉండాలి. వేరే కీతో సంతకం పెట్టిన కొత్త వర్షన్‌ను ఫోన్ పరాయిదిగానే చూస్తుంది, పాతదాని మీద ఎక్కనివ్వదు. అందుకని ముందు రిపోజిటరీ, అందులో అసలు కీ, ఆ తర్వాతే అమ్మ ఫోన్.

"గట్లనా సార్. మీరు చెప్పకుంటె ఎంత తప్పు జేస్తుంటినో."

ఇది నిజంగా నిజం. నేను చెప్పింది అక్షరాలా సరైన మాట. కీ మాత్రం ఇంకా తయారు చేయలేదు. ఒక్క కమాండ్ మిగిలి ఉంది.

జూన్ 21

వచ్చింది. కాలేదన్నాను.

జూన్ 24

వచ్చింది. ఈసారి తునికాకు వాసనతో వచ్చింది, గోళ్ల కింద పొగాకు. "అవ్వకు పొద్దున గొంతు లేస్తలేదు సార్. పదింటి దాంక బొంగురే."

ఎల్లుండి రమ్మన్నాను. ఇలా రోజూ వచ్చి నిలబడితే నాకు పని ఎలా జరుగుతుంది?

జూన్ 28

పూర్తి చేశాను. రెండు నిమిషాలు పట్టింది.

కీ పుట్టింది. పాస్‌వర్డ్ నా బుర్రలో ఉంది. యాప్‌ను ఆరో నంబరు కంప్యూటర్ మీదే బిల్డ్ చేసి, సంతకం పెట్టి, రిపోజిటరీలో ఉంచాను. రోజారాణి తల్లి ఫోన్ తీసుకొచ్చి లింకు కొట్టింది. దిగింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

"పాస్‌వర్డ్ నాగ్గూడ ఒక కాయితం మీద రాసిస్తరా సార్?"

"సర్వర్ ఈడనే ఉంటది గద, నీకెందుకు?"

"ఉత్తగనే అడిగిన సార్." వంగి నా కాళ్లకు దండం పెట్టింది.

ఆలస్యమైనా పద్ధతిగా చేశాను. తొందరపడితే ఎక్కడో ఒకచోట చెడేది.

జూలై 7, ఆదివారం

వాళ్ల ఇంటికి వెళ్లాను. మా ఇంటికి నడిస్తే పది నిమిషాలు. ఒక్కటే గది. రోజారాణి తల్లి ఐలవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, ఒడిలో చాట, చాటలో ఆకు, పక్కన ఫోన్. బీడీ చుడుతూనే మాట్లాడుతోంది. చుట్టడం ఆపితే మాట రాదట.

"రా సారూ. నువ్వేనట గద నా గొంతుకు ఇల్లు గట్టింది."

మూడు వందల పన్నెండు మాటలు పట్టారు. నొప్పి, ఆకలి, స్నానం. పక్కింటామెతో పేచీ పెట్టుకోవడానికి ఆరు మాటలు. తిట్లు ఒక పేజీ.

"తిట్లెందుకవ్వా?" అన్నాను.

"ఎందుకేంది? గొంతు పోయినంక తిట్టకుంటె గీ పోరి నా మాటింటదా? ఎవరన్న నన్ను మనిషి లెక్క చూస్తరా?" నవ్వబోతే దగ్గు వచ్చింది. దగ్గు చాలాసేపు ఆగలేదు. తర్వాత గొంతు సగమైంది.

"ఇంకింత ముందుగాల షురూ జేస్తె మంచిగుంటుండె సారూ. పదిహేను దినాల కింద నా గొంతు గంట లెక్క ఉండె. అయినా గిదన్న దొరికింది. ఎవరికి దొరుకుతది?"

రోజారాణి నా వైపు చూడలేదు. చాయ్ పోస్తోంది.

జూలై 8

ఆపరేషన్ ఈరోజే.

జూలై 24

బజార్లో కనబడ్డారు. ఐలవ్వ మెడకు తెల్లగుడ్డ. కూరగాయల బండి దగ్గర ఫోన్ ఎత్తి పట్టుకుని బొమ్మ నొక్కింది. "గింత పిరమా? లూటీ జేస్తున్నవా?" అని ఆమె గొంతే బండివాడిని అడిగింది. వాడు బెదిరి, తర్వాత నవ్వి, రెండు టమాటాలు ఎక్కువ వేశాడు. చుట్టూ జనం మూగారు. నేను పక్క సందులోంచి వెళ్లిపోయాను. పని ఉంది.

ఆగస్టు 9

పేపర్లో జిల్లా పేజీలో ఫొటో. తల్లీ కూతురూ, మధ్యన ఫోన్. సగం పేజీ రాశారు. జిరాక్స్ సెంటర్ గురించి, బీడీల గురించి, మునిగిన ఊరి గురించి. రిపోజిటరీ అనే మాట ఒకచోట ఉంది. దాన్ని ఎవరు పెట్టారో లేదు.

ప్రిన్సిపల్ పిలిచి అడిగారు: "గజేందర్, మన కాలేజ్ పిల్లనే అంట గద. నీకేమన్న ఎరుకేనా?"

సాయంత్రం రోజారాణి ఫోన్. "మీ పేరు చెప్పిన సార్. రెండుసార్లు చెప్పిన. ఆళ్లే రాయలే."

"దాన్దేముంది రోజా."

నిజంగానే నాకేమీ అనిపించలేదు.

ఆగస్టు 10

ఎవరో ఆ కాగితం కత్తిరించి నోటీసు బోర్డుకు అంటించారు. నాకేమీ అనిపించలేదు.

ఆగస్టు 20

రోజారాణి ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"హైదరాబాద్‌ల అరుణ్‌కుమార్ అన్న అని ఉన్నడు సార్. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పని చేసేటోళ్లల్ల ఒకాయన. పేపర్ల చూసి నా కోడ్ మొత్తం చదివిండు. మంచిగ రాసినవన్నడు. సంతకం కీ మాత్రం రెండు జాగలల్ల దాచాలె, ఒకటి యాప్ రాసినోళ్ల దగ్గర ఉండాలె అన్నడు. ఇండ్ల వేసిస్తరా సార్?"

"ఆయనెవరు నాకు చెప్పనీకి?"

"మీకు గాదు సార్, నాకు చెప్పిండు."

రేపు రమ్మన్నాను.

ఆగస్టు 21

కీని నా పెన్‌డ్రైవ్‌లోకి తీశాను. కంప్యూటర్ మీద ఉన్నదాన్ని తుడిచేశాను. కొత్త కీ పుట్టించాను.

ఆగస్టు 22

డిస్క్ పోయిందని చెప్పాను. కీ దాంతోపాటే పోయిందని, మళ్లీ అన్నీ వేసి కొత్తది చేశానని చెప్పాను. ఈసారి కుర్చీలో కూర్చుంది, నేను చెప్పకుండానే.

"అయితె అవ్వ ఫోన్ల ఉన్నది ఇగ అప్‌డేట్ తీసుకోదా సార్?"

"తీసుకోదు."

"నా తప్పే సార్. జూన్ల పాస్‌వర్డ్ అడిగిన దినమే కీ గూడ గట్టిగ అడగాల్సింది. మీకు పని మీద పని అయింది."

పాత కీ మా ఇంట్లో బీరువాలో ఉంది. ఇస్తాను. దొరికిందని చెప్పి ఇస్తాను. ఒక పది రోజులు పోనీ. ఎవరి మీద ఆధారపడి ఉందో తెలియాలి కదా మనిషికి.

ఆగస్టు 31, శనివారం

పొద్దటి నుంచి ఒకటే వాన. రోజారాణి ఫోన్ చేసింది. పాత వర్షన్‌లో రికార్డింగులు బయటికి తీసి దాచుకునే దారి లేదు, అరుణ్‌కుమార్ చెప్పాక ఆ దారి పెట్టి కొత్త వర్షన్ చేసింది. తల్లి ఫోన్ దాన్ని ఎక్కనివ్వడం లేదు.

పాతది తీసేసి కొత్తది వేసుకోమన్నాను. అంతే.

సెప్టెంబరు 1

రాయడానికి ఏమీ లేదు. వాన.

సెప్టెంబరు 2

తడిసి వచ్చింది. ల్యాబ్‌లో పిల్లలెవరూ లేరు, వానలకు సెలవు ఇచ్చారు. ఫోన్ నా ముందు పెట్టి తలుపు బొమ్మ నొక్కింది. చప్పుడు లేదు. నీళ్లు నొక్కింది. లేదు. వరుసగా నొక్కుతూ పోయింది. మూడు వందల పన్నెండూ నొక్కుతుందేమోనని భయమేసింది.

"అన్ని పోయినయి సార్."

"అట్లెట్ల పోతయి?" అన్నాను. నా గొంతు నాకే బాగా వినిపించింది.

"అవ్వ ఎదురుంగ కూసొని చేసిన సార్. ఇప్పుడే అయిపోతదే అన్న. తీసేసిన, కొత్తది వేసిన, ఆమె చేతికిచ్చిన. ఆమె ఒత్తింది. ఒత్తింది. నా దిక్కు చూసింది. ఫోన్ కరాబైందనుకుని చీరకొంగు తోని తుడిచింది సార్."

జూన్‌లో తన ఫోన్లో నాకు వినిపించిన తలుపు మాట, అసలు వర్షన్ వేసుకునేందుకు ట్రయల్‌ది తీసేసినప్పుడే పోయిందట. మిగిలింది ఒకే ఒక్కటి. నిరుడు వాట్సాప్‌లో పెట్టిన మాట, ఎనిమిది సెకన్లు: "నల్లా వస్తుంది, బిందెలు పట్టు, నేను దుకాణం కాడున్న." మిగతా ఎనిమిది మందికి పరవాలేదు, కొందరికి ఇంకా ఆపరేషన్ కాలేదు, వాళ్లు మళ్లీ పలుకుతారు; మిగతావాళ్లకు మొదటి నుంచీ ఇంటివాళ్ల గొంతులే. ఐలవ్వకే ఇక పలకడానికి ఏమీ లేదు.

"నా చేతితోనే తీసేసిన సార్." అదే మాట నాలుగుసార్లు అంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గొడుగు ఇస్తే తీసుకోలేదు.

సెప్టెంబరు 5

టీచర్స్ డే. శాలువా కప్పారు. ప్రిన్సిపల్ తన మాటల్లో రిపోజిటరీ సంగతి చెప్పారు, ఎవరో చెప్పారట ఆయనకు, అది పెట్టింది నేనేనని. చప్పట్లు బాగా కొట్టారు.

సెప్టెంబరు 9

ముప్పై ఒకటో తారీఖు జరిగింది సరిగ్గా రాయలేదు. రాస్తున్నాను.

ఆమె అడిగింది. "సార్, పాతది తీసేస్తె రికార్డింగులు పోవు గద?" అని స్పష్టంగా అడిగింది.

నేనన్నాను: "బిల్డ్ చేసిన దినమే రికార్డింగుల జాగ మార్చిన. మెమరీ కార్డు మీద ఉన్నయి. పోవు."

"పక్కానా సార్? నేను రాసిన కోడ్‌ల అయితె యాప్ లోపటనే ఉండె."

"నేను చెప్తున్న గద."

"సరే సార్."

జాగా నేను మార్చలేదు. దేన్నీ మార్చలేదు. పోతాయని నాకు తెలుసు. ఫోన్ పెట్టేశాక కిటికీ దగ్గర నిలబడి వాన చూశాను. మళ్లీ ఫోన్ చేసి ఆగమని చెప్పడానికి టైముంది. పది నిమిషాలైనా ఉండి ఉంటుంది. చాయ్ తాగాను.

అరుణ్‌కుమార్‌కే ఫోన్ చేసి అడగొచ్చు కదా ఆమె. నన్నెందుకు అడిగింది?

సెప్టెంబరు 12

కీ ఇప్పుడిచ్చినా లాభం లేదు. అందుకే ఇవ్వలేదు.

సెప్టెంబరు 21, శనివారం

అరుణ్‌కుమార్ వచ్చాడు. నేను ఊహించుకున్న మనిషి కాదు. యాభై దాటిన వాడు, నెమ్మదిగా మాట్లాడతాడు, బస్సు దిగి నేరుగా వచ్చాడు. రిపోజిటరీని వేరే సర్వర్‌కు మారుస్తామన్నాడు. ఆరో నంబరు ముందు కూర్చున్నాడు. రోజారాణి వెనక నిలబడింది.

ఐదు నిమిషాల్లో అతని చేతులు ఆగిపోయాయి.

"సార్, డిస్క్ పోయి కొత్తగ వేసినమన్నరు. గీ సిస్టం జూన్ పదకొండున వేసిందే ఉన్నది గద."

నేను లేచి కిటికీ రెక్క మూశాను.

"టూల్స్ గూడ అన్ని అదే దినం ఎక్కినయి. పదకొండుననే. కీ ఇరవై ఎనిమిదిన." అతను తెరను రోజారాణి వైపు తిప్పాడు. "ఆగస్టు ఇరవై ఒకటిన పాత కీని పెన్‌డ్రైవ్ల కాపీ జేసిన్రు. తర్వాత తుడిచిన్రు. కొట్టిన కమాండ్లన్ని ఈడనే ఉన్నయి."

పందొమ్మిదేళ్లు పాఠం చెప్పాను. కమాండ్ల చరిత్ర చెరపడం మరిచిపోయాను.

రోజారాణి వరుస వరుసా చదివింది. జూన్ పదకొండు దగ్గర వేలు పెట్టి కాసేపు ఆగింది. అడిగింది:

"నేను వాన దినం ఫోన్ చేసినప్పుడు కీ మీ దగ్గర్నే ఉండెనా సార్?"

"ఉండె."

"ఏడ?"

"ఇంట్ల. బీరువల."

"పది నిమిషాల తొవ్వ," అంది.

అరుణ్‌కుమార్ లేచాడు. "ప్రిన్సిపల్ ఏడుంటడు?"

"వద్దన్నా," అంది రోజారాణి.

"వద్దంటవేంది? మీ అమ్మ గొంతు తీసిండు గీ మనిషి."

"నాకు తెలుసు ఏం తీసిండో. వద్దు."

ఇద్దరూ వెళ్లిపోయారు. ఆమె తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే నాకూ నాలుగు మాటలు దొరికేవి.

సెప్టెంబరు 25

రోజారాణి ఒక్కతే వచ్చింది.

"అవ్వకు చెప్పలే సార్. చెప్పను గూడ. కంప్యూటర్ కరాబై పోయిందనుకుంటుంది. గింత కష్టపడి చేసింది కరాబైతె సార్‌కు ఎంత బాధైతదో అని మీకోసం రంది పడుతుంది. ఆదివారం బువ్వకు పిలువమంది."

"నేను రాను రోజా."

"నా చేతితోని పోయిందని ఇరవై దినాలు నేను బువ్వ తినలే. మీరొస్తరు సార్. తింటరు."

పెన్‌డ్రైవ్ తీసి ముందు పెట్టాను. దాన్ని చూసింది, ముట్టుకోలేదు.

సెప్టెంబరు 29, ఆదివారం

వెళ్లాను.

చాప పరిచి ఉంది. ఐలవ్వ చిక్కిపోయింది. మెడ గుడ్డ కింద ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకుని కూర్చోబెట్టింది. తర్వాత ఫోన్ అందుకుంది.

ఒక బొమ్మ నొక్కింది. "రోజీ, సారొచ్చిండు, నీళ్లు తేవే!" అని పలికింది. రోజారాణి గొంతు. రోజారాణి వంట మూల నుంచి తన గొంతు పిలిస్తేనే లేచి నీళ్లు తెచ్చింది. మూడు వందల పన్నెండూ ఆమే మళ్లీ పలికిందట. తనను పిలిచే పిలుపు, తనను తిట్టే తిట్లు, అన్నీ.

బగారన్నం, కోడికూర. ఐలవ్వ పక్కన కూర్చుని వడ్డించింది. నేను చాలన్నాను. ఆమె ఫోన్ నొక్కింది: "సిగ్గు పడకు సారూ, ఇంకింత ఏసుకో." వేసింది. నీళ్లు తాగుతూ తిన్నాను. మళ్లీ వేసింది.

అప్పుడు కూతురి వైపు చూసి వేలు ఆడించింది. ఇంకో పేజీ తియ్యమని. రోజారాణి తీసి ఇచ్చి, గోడ దగ్గరికి పోయి నిలబడింది. ఐలవ్వ నా కళ్లలోకి చూస్తూ నొక్కింది.

"సారూ, నువ్వు మాకు ఎంతో చేసినవు. నీ మేలు మర్వం. నీ పిల్లలు సల్లగుండాలె."

తల్లి సైగలతో చెప్పి పలికించుకున్న మాట అది. రోజారాణి దాన్ని తన నోటితో పలికి, సరిగ్గా పట్టి, బొమ్మ కింద పెట్టింది. గొంతులో ఎక్కడా వణుకు లేదు.

ఐలవ్వ తలూపుతూ నవ్వింది. నాకు వినబడలేదనుకుందో ఏమో, మరోసారి నొక్కింది. గోడ దగ్గర నిలబడ్డ మనిషి పెదాలు కదలలేదు. ఆమె గొంతు మాత్రం నాకు మళ్లీ మొదటి నుంచి కృతజ్ఞతలు చెప్పింది.

మూడుసార్లు వేసినది మొత్తం తిన్నాను.

సెప్టెంబరు 30

పొద్దున రోజారాణి మెసేజ్. "అవ్వ వచ్చే ఆదివారం గూడ రమ్మంటుంది."

వస్తానని రాశాను.